డొమైన్ పేరుతో పేమెంట్ సర్వీసును వెతకడం: డీఎన్‌ఎస్ మాటను ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. దుకాణదారుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. కొనేవాళ్ళు దుకాణం డొమైన్ పేరు ఒక్కటి కొడితే చాలు, ఆ దుకాణం ఏ పేమెంట్ గేట్‌వే దగ్గర ఉందో మీ యాప్ డీఎన్‌ఎస్‌ను (డొమైన్ పేర్లకు జవాబులిచ్చే ఇంటర్నెట్ చిట్టా) అడిగి తెలుసుకుని నేరుగా అక్కడికి తీసుకెళ్ళాలి. దానికి ఎస్‌ఆర్‌వీ రికార్డు (సర్వీసు ఏ సర్వర్‌లో, ఏ పోర్టులో ఉందో చెప్పేది) మంచిదా, టెక్స్ట్ రికార్డు (ఏ పాఠమైనా పెట్టుకునేది) మంచిదా అని అడిగారు.

రికార్డు రకం సంగతి తర్వాత చూద్దాం, అది అంత పెద్ద విషయం కాదు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. డీఎన్‌ఎస్ మీకో జవాబు ఇచ్చింది. అది దుకాణం యజమాని పెట్టిన జవాబేనని మీ యాప్‌కు ఎలా తెలుస్తుంది? ఈ ఒక్కటీ తేల్చకుండా కట్టేసిన డిజైన్లు చాలా చూశాను. అడిగితే అందరూ చెప్పేది ఒకటే: "మేం హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాం కదండీ!"

ఆ ధీమా ఎక్కడ చెల్లదో చూడండి. దుకాణం.ఎగ్జాంపుల్ అనే డొమైన్ ఉందనుకుందాం. దాని జోన్‌లో (ఆ డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డుల జాబితాలో) ఇలాంటి రికార్డు పెట్టారు (పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, జోన్ ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి):

_పే._టీసీపీ.దుకాణం.ఎగ్జాంపుల్ 3600 ఎస్‌ఆర్‌వీ 10 5 443 గేట్‌వే.ఎగ్జాంపుల్

3600 టీటీఎల్ (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో), 10 ప్రాధాన్యం, 5 బరువు, 443 పోర్టు, చివరిది హోస్ట్ పేరు. మీ యాప్ ఇది చదివి గేట్‌వే.ఎగ్జాంపుల్‌కు వెళ్తుంది, అక్కడి టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న భద్రతా పద్ధతి) సర్టిఫికెట్ చూస్తుంది, పేరు సరిపోతుంది. బాగానే ఉంది. ఇప్పుడు అదే వైఫైలో కూర్చున్న ఇంకొకడు మీ డీఎన్‌ఎస్ జవాబును దారిలోనే మార్చి, చివరి పేరు తీసేసి దొంగ.ఎగ్జాంపుల్ అని పెట్టాడు. మీ యాప్ అక్కడికి వెళ్తుంది. దొంగ.ఎగ్జాంపుల్ వాడి సొంత డొమైనే, దానికి దర్జాగా ఉచిత సర్టిఫికెట్ తెచ్చుకుని కూర్చున్నాడు. పేరు మళ్ళీ సరిపోతుంది. టీఎల్‌ఎస్ తన పని తప్పు లేకుండా చేసింది. మీరే అడగాల్సిన పేరు అడగలేదు.

అంటే సర్టిఫికెట్‌లో ఉండాల్సింది కొనేవాళ్ళు కొట్టిన పేరు, భద్రత లేని డీఎన్‌ఎస్ చేతికిచ్చిన పేరు కాదు. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6125 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) ఇదే చెప్పింది, 2023లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9525 కూడా ఇదే చెప్తోంది. చాట్ ప్రోటోకాల్ మ్యాట్రిక్స్‌లో ఇది చక్కగా కనిపిస్తుంది. అక్కడ సర్వర్‌ను వేరే చోటికి మళ్ళించడానికి రెండు దారులున్నాయి. అసలు డొమైన్ మీద హెచ్‌టీటీపీఎస్‌లో ఒక వెల్-నోన్ ఫైలు (అందరికీ ముందే తెలిసిన స్థిరమైన దారిలో ఉండే ఫైలు) పెట్టి మళ్ళిస్తే, కొత్త హోస్ట్ తన సొంత పేరున్న సర్టిఫికెట్ చూపిస్తే చాలు. అదే ఎస్‌ఆర్‌వీతో మళ్ళిస్తే మాత్రం అసలు డొమైన్ పేరున్న సర్టిఫికెట్టే చూపించాలి. మొదటి దారిలో మళ్ళింపుకే రుజువుంది. రెండో దారిలో మళ్ళింపుకు రుజువు లేదు, కాబట్టి చేరిన చోట అడుగుతున్నారు.

మీ విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. గేట్‌వే వేల దుకాణాలకు సేవ చేస్తుంది. ప్రతి దుకాణం అసలు డొమైన్ పేరు మీదా అది సర్టిఫికెట్ పెట్టుకోవాలంటే, ఆ దుకాణం వెబ్‌సైటు మొత్తానికి తనే యజమాని అన్నట్టు నటించే శక్తి గేట్‌వే చేతికి ఇచ్చినట్టే. ఏ దుకాణదారుడూ ఇవ్వకూడదు, ఏ మంచి గేట్‌వే కూడా అడగకూడదు. అందుకే "ఎస్‌ఆర్‌వీ పెట్టి గేట్‌వేకు పంపించేద్దాం" అన్న డిజైన్ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, డబ్బు వ్యవహారంలో నిలబడదు.

మరి బయటపడే దారి ఏది? నాకు నచ్చిన దారి పేమెంట్ల వాళ్ళది కాదు, ఈమెయిల్ వాళ్ళది. మెయిల్ సర్వర్లకు సరిగ్గా ఇదే తలనొప్పి: ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్ళాలో చెప్పేది) ఎవడైనా మార్చితే మెయిల్ ఎక్కడికో పోతుంది. దానికి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8461 పేరుతో ఎంటీఏ-ఎస్‌టీఎస్ అనే పద్ధతి తెచ్చారు. అందులో డీఎన్‌ఎస్ పని చాలా చిన్నది. _ఎంటీఏ-ఎస్‌టీఎస్ అన్న పేరు కింద ఒక టెక్స్ట్ రికార్డు ఉంటుంది. "మా దగ్గర ఒక పాలసీ ఉంది, దాని వెర్షన్ ఐడీ ఇది" అనేంతవరకే అది చెప్తుంది. పాలసీ అసలు పాఠం మాత్రం ఎంటీఏ-ఎస్‌టీఎస్ అనే స్థిరమైన సబ్‌డొమైన్ మీద, హెచ్‌టీటీపీఎస్‌లో, వెల్-నోన్ దారిలో ఉంటుంది. ఆ సబ్‌డొమైన్ పేరు ముందే తెలుసు, డీఎన్‌ఎస్ జవాబులోంచి పుట్టదు. సర్టిఫికెట్ ఆ పేరు మీదే ఉండాలి. అంటే దారిలో ఎవడు ఏ రికార్డు మార్చినా, ఆ పేరున్న సర్టిఫికెట్ చూపించలేక ఆగిపోతాడు.

దీన్నే మీరు పేమెంట్లకు దింపుకోండి. దుకాణం చేయాల్సినవి రెండే పనులు.

పే.దుకాణం.ఎగ్జాంపుల్ 3600 సీనేమ్ షాపులు.గేట్‌వే.ఎగ్జాంపుల్
_పేడిస్క్.దుకాణం.ఎగ్జాంపుల్ 3600 టెక్స్ట్ "వీ=పే1; ఐడీ=20250601"

మొదటిది సీనేమ్: పే అనే సబ్‌డొమైన్‌ను గేట్‌వే సర్వర్ల వైపు తిప్పుతుంది. ఆ ఒక్క పేరుకు మాత్రమే గేట్‌వే ఏసీఎంఈ (సర్టిఫికెట్లు ఆటోమేటిక్‌గా తెచ్చుకునే పద్ధతి) ద్వారా సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. అసలు వెబ్‌సైటు జోలికి అది రాదు. రెండోది గంట మోగించడానికి: వివరాలు మారినప్పుడు ఐడీ మారుతుంది, అప్పుడు మీ యాప్ కొత్త ఫైలు తెచ్చుకుంటుంది. యాప్ ఎప్పుడూ "పే" చుక్క "కొట్టిన డొమైన్" అనే పేరుకే వెళ్తుంది, ఆ పేరు మీదే సర్టిఫికెట్ చూస్తుంది, వెల్-నోన్ కింద ఉన్న జేసన్ రూపంలోని వివరాల ఫైలు చదువుతుంది. గేట్‌వే మారినప్పుడు దుకాణదారుడు సీనేమ్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

జేసన్‌లో ఏం పెట్టాలి? ఆర్డరు సృష్టించే చిరునామా, అంగీకరించే పద్ధతులు, ఎన్నాళ్ళు కాష్‌లో ఉంచుకోవచ్చు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, యూపీఐ ఐడీ లాంటివి అందులో పెట్టకండి. ఎంత మొత్తం, ఎవరికి అన్నది ప్రతి ఆర్డరుకూ గేట్‌వే సంతకం చేసి ఇవ్వాల్సిన సంగతి, నెలల తరబడి ఫైల్లో పడి ఉండాల్సినది కాదు.

ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలు ఎవరూ ముందుగా చెప్పరు. ఒకటి, దుకాణం గేట్‌వేను వదిలేశాక కూడా సీనేమ్ అలాగే మిగిలిపోతుంది. ఆ గేట్‌వేలో కొత్తగా చేరిన ఎవడో "పే.దుకాణం.ఎగ్జాంపుల్ నాదే" అని నమోదు చేసుకుంటే, ట్రాఫిక్ అంతా వాడి ఖాతాలోకి పోతుంది, సర్టిఫికెట్ కూడా సక్రమంగా వస్తుంది. కాబట్టి ఏదైనా పేరు నమోదు చేసుకునేటప్పుడు ఆ ఖాతాకు మాత్రమే చెందిన ఒక టోకెన్‌ను దుకాణం జోన్‌లో పెట్టించి సరిచూసే గేట్‌వేలనే ఒప్పుకోండి. రెండు, వైల్డ్‌కార్డు రికార్డులు. చిన్న హోస్టింగులలో నక్షత్రం గుర్తుతో ఏ సబ్‌డొమైన్ అడిగినా ఏదో ఒక జవాబు ఇచ్చేలా పెట్టేస్తారు. అండర్‌స్కోర్ పేర్లకూ అది వర్తిస్తుంది. _పేడిస్క్ అని అడిగితే ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే) పాఠం తిరిగి రావచ్చు. అందుకే టెక్స్ట్ జవాబు "వీ=పే1"తో మొదలు కాకపోతే పట్టించుకోకండి. అలా మొదలయ్యేవి ఒకటి కంటే ఎక్కువ వస్తే, ఏదో ఒకటి ఎంచుకోవద్దు, తప్పు అని ఆగిపోండి.

ఇక రికార్డు రకాలు. ఎస్‌ఆర్‌వీ ఇప్పటి రూపం 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2782తో వచ్చింది, ఎస్‌ఐపీ ఫోన్లూ ఎక్స్‌ఎంపీపీ చాట్ సర్వర్లూ దాని మీదే నడుస్తాయి. పోర్టు, ప్రాధాన్యం చెప్పగలదు కానీ యూఆర్‌ఎల్‌లో దారి భాగం చెప్పలేదు. పేమెంటు చిరునామాకు దారి భాగమే ముఖ్యం. ఆ లోటు తీర్చడానికి యూఆర్‌ఐ రికార్డు ఉంది, 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7553, రకం నంబరు 256. మొత్తం యూఆర్‌ఎల్ అందులో పెట్టొచ్చు. ఆలోచన బాగుంది, కానీ మామూలు హోస్టింగ్ ప్యానెల్లో ఆ రకం కనబడితే మీ అదృష్టం. ఎన్‌ఏపీటీఆర్ అనే ఇంకో రకంలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (పాఠంలో నమూనాలు వెతికే సూత్రాలు) రాయొచ్చు, అది చాలు భయపడడానికి. టెక్స్ట్ అన్ని చోట్లా ఉంటుంది, అందుకే అందరూ చివరికి దాని దగ్గరకే వస్తారు. ఒక్కో స్ట్రింగ్ (అక్షరాల వరుస) 255 బైట్లకు మించకూడదు, అంతకంటే పొడవైతే ముక్కలు చేసి ఒకే రికార్డులో పెట్టాలి, చదివేటప్పుడు మధ్యలో ఖాళీ లేకుండా కలపాలి. దాన్ని డొమైన్ నెత్తి మీద (ఏ సబ్‌డొమైన్ లేని అసలు పేరు మీద) పెట్టకుండా అండర్‌స్కోర్ పేరు కింద పెట్టండి. నెత్తి మీద ఇప్పటికే ఎస్‌పీఎఫ్, సైటు యాజమాన్య రుజువులు గుంపుగా ఉంటాయి. అండర్‌స్కోర్ పేర్లు ఒకదానితో ఒకటి గుద్దుకోకుండా 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8552 ఒక రిజిస్ట్రీ కూడా ఏర్పాటు చేసింది. మీ పేరు పెట్టుకునే ముందు అది ఒకసారి చూడండి.

మీ యాప్ బ్రౌజర్‌లో నడిచే వెబ్ పేజీ అయితే ఇంకో అడ్డంకి ఉంది. జావాస్క్రిప్ట్‌కు టెక్స్ట్, ఎస్‌ఆర్‌వీ రికార్డులు అడిగే దారే లేదు. హెచ్‌టీటీపీకి ఎస్‌ఆర్‌వీ వాడమని మొజిల్లాకు 1999 నుంచీ అభ్యర్థన ఉంది, అది జరగలేదు. 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9460 ప్రకారం హెచ్‌టీటీపీఎస్ రికార్డు, అంటే రకం 65, ఇప్పుడు బ్రౌజర్లు చదువుతాయి. కానీ కనెక్షన్ పెట్టుకోవడానికి తమలో తాము వాడుకుంటాయి తప్ప మీ స్క్రిప్టుకు చూపించవు. కావాలంటే గూగుల్‌దో క్లౌడ్‌ఫ్లేర్‌దో డీఓహెచ్ (హెచ్‌టీటీపీఎస్ మీద డీఎన్‌ఎస్) సర్వర్‌ను ఫెచ్‌తో అడగొచ్చు, జేసన్‌లో జవాబు వస్తుంది. అప్పుడు దారిలో మార్చేవాడి బెడద పోతుంది, కానీ మీ కొనుగోలుదారులు ఏ దుకాణానికి వెళ్తున్నారో మూడో సంస్థకు చెప్తున్నారని గుర్తుంచుకోండి. పైన చెప్పిన డిజైన్‌లో టెక్స్ట్ రికార్డు లేకపోయినా పని నడుస్తుంది. బ్రౌజర్‌లో ఆ గంట మోగించే సంగతి వదిలేసి, పే సబ్‌డొమైన్‌నే అడిగి, ఫైలు తాజాదనాన్ని మామూలు హెచ్‌టీటీపీ కాష్ హెడర్లకు వదిలేయండి.

డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) వాళ్ళ పేమెంట్ రిక్వెస్ట్ ఏపీఐ (బ్రౌజర్ ద్వారా చెల్లింపు అడిగే ప్రమాణం) 2022 సెప్టెంబరులో తుది సిఫారసు అయింది. వాళ్ళు కూడా డీఎన్‌ఎస్ జోలికి పోలేదు. అక్కడ పేమెంట్ పద్ధతికి పేరే ఒక హెచ్‌టీటీపీఎస్ యూఆర్‌ఎల్. బ్రౌజర్ ఆ యూఆర్‌ఎల్‌కు హెడ్ రిక్వెస్టు (హెడర్లు మాత్రమే అడిగేది) పంపుతుంది, జవాబులో లింక్ హెడర్ ఉంటుంది, అది పేమెంట్ మెథడ్ మ్యానిఫెస్ట్ దగ్గరకు తీసుకెళ్తుంది, ఏ యాప్‌లు ఈ పద్ధతిని నడపొచ్చో, ఏ ఆరిజిన్లకు (వెబ్‌సైట్లకు) అనుమతి ఉందో అందులో రాసి ఉంటుంది. ప్రతి గెంతుకూ టీఎల్‌ఎస్ రుజువుంది. ఇంటర్‌లెడ్జర్ వాళ్ళ పేమెంట్ పాయింటర్ (డాలర్ గుర్తుతో మొదలయ్యే చెల్లింపు చిరునామా) కూడా అంతే: డాలర్ గుర్తు తీసేసి దాని స్థానంలో హెచ్‌టీటీపీఎస్ పెట్టుకో, దారి లేకపోతే వెల్-నోన్ కింద పే అని అడుగు. డీఎన్‌ఎస్ ఐపీ చిరునామా చెప్పి తప్పుకుంటుంది.

అయితే డీఎన్‌ఎస్‌లోనే డబ్బు గమ్యం పెట్టి, అదీ పద్ధతిగా పెట్టినవాళ్ళు లేకపోలేదు. బిట్‌కాయిన్‌లో 2024లో వచ్చిన బిప్ 353 (బిప్ అంటే బిట్‌కాయిన్ మెరుగుదల ప్రతిపాదన) చదవండి. (బిట్‌కాయిన్ వాడమని చెప్పడం లేదు, ఇంజినీరింగ్ చూడమంటున్నాను.) పేరు@డొమైన్ లాంటి చిరునామా ఇస్తే వాలెట్ దాన్ని పేరు.యూజర్._బిట్‌కాయిన్-పేమెంట్.డొమైన్‌గా మార్చి టెక్స్ట్ రికార్డు అడుగుతుంది. "బిట్‌కాయిన్:"తో మొదలయ్యేది ఒక్కటే ఉండాలి, రెండుంటే చెల్లదు, మిగతా టెక్స్ట్ రికార్డులు లెక్కలోకి రావు. అందులోనే చెల్లింపు వివరం ఉంటుంది. దీన్ని నిలబెట్టేది ఒకే నియమం: డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ రికార్డులకు డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి) సంతకాలు రూట్ (డీఎన్‌ఎస్ పై మెట్టు) వరకు వాలెట్ స్వయంగా సరిచూడాలి. ఎవరో రిజాల్వర్ (మీ తరఫున డీఎన్‌ఎస్‌ను అడిగిపెట్టే సర్వర్) "నేను చూశాను, బాగానే ఉంది" అంటే సరిపోదు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఆ సంతకాల గొలుసు మొత్తాన్ని ఒక మూటగా కట్టి ఎవరికైనా పంపొచ్చు. ఆ మూట రూపం 2021 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9102 లోంచి తీసుకున్నారు. ఇంటర్నెట్టే లేని హార్డ్‌వేర్ వాలెట్ కూడా, రూట్ తాళంచెవి ఒక్కటి లోపల ఉంటే, ఆ మూట విప్పి "ఈ చిరునామా నిజంగా ఈ పేరుదే" అని తేల్చుకుని తెర మీద పేరు చూపించగలదు. హెచ్‌టీటీపీఎస్‌తో ఇది కుదరదు. టీఎల్‌ఎస్ సంభాషణ అయిపోయాక మూడోవాడికి చూపించే రుజువేమీ మిగలదు. ఇంకో లాభం, డబ్బు పంపేవాడి ఐపీ చిరునామా అందుకునేవాడి సర్వర్‌కు తెలియదు. నష్టమూ ఉంది: రికార్డు స్థిరంగా ఉంటుంది కాబట్టి అందులో మామూలు ఆన్-చెయిన్ చిరునామా పెడితే వచ్చిన డబ్బంతా లోకానికి కనబడుతుంది. అందుకే పదే పదే వాడినా బయటపడని రకం వివరాలే పెట్టమంటారు.

దీనికి పది సంవత్సరాల ముందు, 2014లో మొనెరో అనే క్రిప్టో కరెన్సీ వాళ్ళు ఓపెన్ అలియాస్ తెచ్చారు, అదీ టెక్స్ట్ రికార్డే. అక్కడ డీఎన్‌ఎస్‌సెక్ లేకపోతే వాలెట్ హెచ్చరించి మనిషిని అడుగుతుంది. మనుషులు హెచ్చరికలను ఏం చేస్తారో 2018 ఏప్రిల్ 24న తెలిసింది. ఆ రోజు అమెజాన్ డీఎన్‌ఎస్ సేవ రూట్ 53 నేమ్ సర్వర్ల చిరునామాలను బీజీపీలో (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారి చెప్పుకునే పద్ధతిలో) వేరే నెట్‌వర్కు దారి మళ్ళించింది, సుమారు రెండు గంటలు మైఈథర్‌వాలెట్ అనే క్రిప్టో వాలెట్ సైటు పేరుకు తప్పుడు జవాబులు వెళ్ళాయి. నకిలీ సైటు సర్టిఫికెట్ సొంతంగా సంతకం చేసుకున్నది, బ్రౌజర్లు ఎర్రగా అరిచాయి. అయినా కొందరు "ముందుకు వెళ్ళు" నొక్కారు, దాదాపు లక్షా యాభై వేల డాలర్ల విలువైన ఈథర్ పోయింది. అక్కడ కనీసం అరిచే బ్రౌజర్ ఉంది. సంతకం లేని టెక్స్ట్ రికార్డులోంచి ఖాతా వివరం తీసుకునే యాప్‌లో అరిచేది ఏదీ లేదు. దుకాణం ముందున్న క్యూఆర్ స్టికర్ మీద రాత్రికి రాత్రి ఇంకో స్టికర్ అంటించి పోయినట్టే, యజమానికి సాయంత్రం లెక్క చూసుకున్నప్పుడే తెలుస్తుంది.

డీఎన్‌ఎస్‌సెక్ పెడితే అన్నీ తీరిపోతాయా అంటే, లేదు. 2016 అక్టోబరులో బ్రెజిల్‌లో ఒక బ్యాంకు డొమైన్లన్నీ దుండగులు స్వాధీనం చేసుకున్నారని భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ తర్వాత బయటపెట్టింది. వాళ్ళు డీఎన్‌ఎస్ నిర్వహణ ఖాతాలోకే దూరారు. చెల్లుబాటయ్యే సర్టిఫికెట్లు కూడా వాళ్ళ చేతిలో ఉన్నాయి. అలాంటి చోట డీఎస్ రికార్డు (డీఎన్‌ఎస్‌సెక్ తాళంచెవిని పై డొమైన్‌లో నమోదు చేసేది) కూడా వాళ్ళే మార్చుకోగలరు. ఏ డిజైన్‌లోనైనా చివరి గోడ మీ యాప్‌లోనే ఉండాలి: ఒక దుకాణానికి మొదటిసారి డబ్బు కట్టినప్పుడు డబ్బు అందుకునే ఖాతా గుర్తును దాచుకోండి, అది మారితే నిశ్శబ్దంగా ఒప్పుకోకుండా కొన్ని గంటలు ఆపి దుకాణదారుడికి వేరే దారిలో కబురు పెట్టండి. సీఏఏ రికార్డు పెట్టి ఏ సీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) మీ పేరుకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చో కట్టడి చేయండి. 2025 నుంచి సీఏలు డొమైన్‌ను వేర్వేరు నెట్‌వర్కు చోట్ల నుంచి సరిచూడాలన్న నిబంధన అమలులోకి వచ్చింది, అది 2018 లాంటి దారి మళ్ళింపులతో సర్టిఫికెట్ కొట్టేయడాన్ని బాగా కష్టం చేస్తుంది. రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే సంస్థ) ఖాతా పాస్‌వర్డ్ పోతే మాత్రం దాని చేతిలోనూ ఏమీ లేదు.

ఎన్‌ఏపీటీఆర్ గురించి ఎగతాళిగా మాట్లాడాను కానీ, దాన్ని పెద్ద ఎత్తున నడిపే చోటు ఒకటుంది: యూరప్‌లో మొదలైన పెపోల్ ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ వ్యవస్థ. ఇన్‌వాయిస్ పంపేవాడు అందుకునే సంస్థ గుర్తింపు సంఖ్యను హ్యాష్ చేసి (స్థిరమైన పొడవున్న గుర్తుగా మార్చి), దాన్నే డీఎన్‌ఎస్ పేరుగా అడుగుతాడు. మొదట్లో ఎండీ5 హ్యాష్‌తో సీనేమ్ ఉండేది, తర్వాత షా-256తో ఎన్‌ఏపీటీఆర్‌కు మారారు. డీఎన్‌ఎస్ చెప్పేది ఆ సంస్థ వివరాలు ఏ మెటాడేటా సర్వర్‌లో ఉన్నాయన్నదే. ఇన్‌వాయిస్ ఎక్కడికి పంపాలి, ఏ సర్టిఫికెట్‌తో అన్నది ఆ సర్వర్ సంతకం చేసి ఇస్తుంది. సంతకం పెపోల్ సొంత సర్టిఫికెట్ల వ్యవస్థలోది. మీకు అలాంటి మూసి ఉన్న సభ్యుల బృందం, మీ సొంత సీఏ ఉంటే ఈ పద్ధతి బాగా నప్పుతుంది. వీధి చివర దుకాణాలకు బరువెక్కువ.

మీ దుకాణాలన్నీ ఇండియాలో, చెల్లింపులన్నీ యూపీఐలోనే అయితే నిజాయితీగా చెప్తాను, ఇంత చేయనక్కర్లేదు. యూపీఐ ఐడీ ఈమెయిల్‌లా కనబడుతుంది కానీ @ తర్వాత ఉన్నది డొమైన్ కాదు. అది ఎన్‌పీసీఐ (యూపీఐని నడిపే సంస్థ) దగ్గర నమోదైన హ్యాండిల్, డీఎన్‌ఎస్‌లో వెతికితే ఏమీ దొరకదు. 2016లో మొదలైనప్పటి నుంచీ ఆ వెతుకులాట అంతా ఎన్‌పీసీఐ కేంద్రంగానే జరుగుతోంది. డబ్బు పంపే ముందు తెర మీద బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే కనబడాలని 2025లో ఎన్‌పీసీఐ ఆదేశించింది కూడా. అంటే మీరు డీఎన్‌ఎస్‌లో కట్టాలనుకుంటున్న భద్రతలో సగం అక్కడ ముందే ఉంది. మీకు మిగిలేది "ఈ డొమైన్‌కు ఈ యూపీఐ ఐడీ" అన్న ఒక్క లంకె, దానికి పే సబ్‌డొమైన్ ఫైల్లోని చిరునామా నుంచి వచ్చే, సంతకం చేసిన ఆర్డరు చాలు. ఆర్డరులో గమ్యాన్ని రాయడానికి ఒకే రూపం కావాలంటే 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8905 నిర్వచించిన పేటూ యూఆర్‌ఐ వాడండి, అందులో ఐబీఏఎన్‌తో (అంతర్జాతీయ బ్యాంకు ఖాతా నంబరుతో) పాటు యూపీఐకి కూడా చోటిచ్చారు. విదేశాల్లో ఉన్న కొనుగోలుదారులకు బ్యాంకు బదిలీ, ఇక్కడివాళ్ళకు యూపీఐ ఒకే జాబితాలో పెట్టుకోవచ్చు.

డొమైన్ పేరే గుర్తింపుగా పనిచేసే చోటు మన దగ్గరా వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా బ్యాంక్.ఇన్ కిందికి మారాలని ఆర్‌బీఐ చెప్పింది, ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ. మీ యాప్ నెట్ బ్యాంకింగ్ పేజీకి మళ్ళించేటప్పుడు ఆ హోస్ట్ పేరు బ్యాంక్.ఇన్‌తో ముగుస్తుందో లేదో చూడడం చిన్న కోడు, పెద్ద రక్షణ. పోల్చేటప్పుడు ముందు చుక్కతో కలిపి చూడండి, లేదంటే "ఏదోబ్యాంక్.ఇన్" అన్న పేరు కూడా దాటిపోతుంది.

ఇంకా చెప్పాల్సింది విఫలమైనప్పుడు ఏం చేయాలన్నది. చాలా కోడ్‌లలో డీఎన్‌ఎస్ తప్పులన్నీ ఒకే గంపలో వేసేస్తారు. ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటే ఆ పేరు లేదు, దుకాణం ఇంకా పెట్టలేదు. సర్వ్‌ఫెయిల్ అంటే చెప్పలేకపోతున్నాను, డీఎన్‌ఎస్‌సెక్ సంతకం తేడా పడినా ఇదే వస్తుంది. టైమవుట్ అంటే ఎవరో అడ్డుకుంటూ ఉండవచ్చు కూడా. ఈ రెండిట్లో "సరే, అయితే పాత పద్ధతిలో వెళ్దాం" అని బలహీనమైన దారికి దిగిపోతే, దాడి చేసేవాడు జవాబు మార్చక్కర్లేదు, అడ్డుకుంటే చాలు. డీఎన్‌ఎస్‌సెక్ ఆధారంగా నడిపితే ఆగిపోవడమే సరైన ప్రవర్తన, దాని ఖరీదు కూడా తెలుసుకోండి. 2021 సెప్టెంబరు 30న స్లాక్ తన డొమైన్‌కు డీఎన్‌ఎస్‌సెక్ పెట్టబోయి, తేడా రాగానే డీఎస్ రికార్డు తీసేసింది. రిజాల్వర్లు మాత్రం పాత డీఎస్‌ను 24 గంటల వరకు కాష్‌లో ఉంచుకున్నాయి, సంతకాలు లేని జోన్‌ను తిరస్కరించాయి, చాలామందికి సైటే తెరుచుకోలేదు. పండగ అమ్మకాల వారంలో ఇలాంటి మార్పు ముట్టుకోకండి. పైన చెప్పిన సబ్‌డొమైన్ పద్ధతికి డీఎన్‌ఎస్‌సెక్ తప్పనిసరి కాకపోవడం నాకు నచ్చడానికి ఇదీ ఒక కారణం: ఉంటే మంచిది, లేకపోతే దుకాణం మూతపడదు.

రిజాల్వర్ జవాబులో ఏడీ బిట్ (డీఎన్‌ఎస్‌సెక్ సరిచూశానని చెప్పే గుర్తు) వెలిగిందని మురిసిపోకండి. సాదా యూడీపీలో (భద్రత లేని మామూలు డీఎన్‌ఎస్ రవాణాలో) దాన్ని దారిలో ఎవడైనా వెలిగించగలడు. డీఓహెచ్ మీద వస్తే దారి భద్రమే, కానీ నమ్ముతున్నది ఆ రిజాల్వర్‌ను. నిజంగా సరిచూడాలంటే మీ సర్వర్ మీదే అన్‌బౌండ్ లాంటి రిజాల్వర్ నడపండి.

టీటీఎల్ గంట, అంటే 3600 సెకన్లు, మామూలు రోజులకు చాలు. గేట్‌వే మార్చే ముందు రోజే దాన్ని 300కు దించి, మార్పు అయ్యాక పాత గేట్‌వేను కనీసం పాత టీటీఎల్ అంతసేపు బతికించి ఉంచండి. మీ యాప్ సొంత కాష్ టీటీఎల్ కంటే ఎక్కువ దాచుకోకూడదు. ప్రతి బిల్లుకూ కొత్తగా అడగనూ కూడదు. లేని రికార్డు గురించిన జవాబు కూడా కాష్ అవుతుంది, ఎస్‌ఓఏ (జోన్ మొత్తానికి ప్రధాన రికార్డు) చివరి అంకె దాన్ని నిర్ణయిస్తుంది. దుకాణదారుడు "ఇప్పుడే పెట్టానండీ, రావట్లేదు" అని ఫోన్ చేస్తే ముందు చూడాల్సింది అదే. డిగ్ అనే కమాండుతో నేరుగా దుకాణం నేమ్ సర్వర్‌నే అడగండి, తర్వాత బయటి రిజాల్వర్‌ను అడగండి. రెండూ వేరుగా ఉంటే ఓపిక పట్టమని చెప్పండి. నేమ్ సర్వర్ దగ్గరే లేకపోతే, పది సార్లలో తొమ్మిది సార్లు ప్యానెల్లో పేరు పెట్టేటప్పుడు డొమైన్‌ను రెండుసార్లు కొట్టి ఉంటారు: పే.దుకాణం.ఎగ్జాంపుల్.దుకాణం.ఎగ్జాంపుల్ అని ఒకటి అక్కడ ఉంటుంది చూడండి.

ఇప్పుడు మీరు చెప్పాల్సినవి రెండున్నాయి. వెతికే పని మీ సర్వర్ చేస్తుందా, ఫోన్‌లోని యాప్ చేస్తుందా? దుకాణాలు మీరే ఎంచుకుని చేర్చుకున్నవా, ఏ డొమైన్ అయినా కొట్టొచ్చా? రెండోదానికి "మేమే చేర్చుకుంటాం" అన్నది జవాబైతే, డొమైన్‌ను, గేట్‌వేను కలిపే పట్టిక మీ సర్వర్లోనే ఉంచుకుని, డీఎన్‌ఎస్‌ను చేరిక సమయంలో యాజమాన్యం సరిచూడడానికి మాత్రమే వాడమంటాను.